గుండె పరీక్షలన్నీ నార్మల్, గాబరా మాత్రం పోవట్లేదు: ఎవరి దగ్గరికి పోవాలి?

తాడిపత్రి నుంచి రాసిన సోదరుడి ప్రశ్న క్లుప్తంగా ఇది. వయసు 38, బండల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తారు. మూడేళ్ళుగా గుండె దడ, అరచేతుల్లో చెమట, ఏదో కీడు జరగబోతోందన్న గాబరా. ఈసీజీ, ఎకో ఒకటికి రెండు చోట్ల తీయించారు, అన్నీ నార్మల్. దగ్గర్లోని డాక్టరు రాసిన అల్ప్రాజోలం 0.5 మాత్ర రెండేళ్ళుగా రోజూ రాత్రి వేసుకుంటున్నారు, అది లేకపోతే నిద్ర పట్టదు. ఇది మానసిక జబ్బేనా, జీవితాంతం మాత్రలు మింగాలా, బెంగళూరు పోవాలా అని అడిగారు. చెల్లెలికి సంబంధాలు చూస్తున్నాం, నా సంగతి బయటపడితే ఎట్లా అని కూడా.

నేను కర్నూలులో మానసిక వైద్యం చేస్తున్నాను, చాలా ఏళ్ళుగా. మిమ్మల్ని చూడకుండా జబ్బు ఇదేనని తేల్చను, కానీ మీరు రాసింది మా ఓపీలో రోజూ వినే కథే కాబట్టి నేరుగా చెప్తాను.

అవును, ఇది ఆందోళన జబ్బులాగే ఉంది. దీనికి పనిచేసే వైద్యం ఉంది. చాలామందికి జీవితాంతం మాత్రలు అక్కర్లేదు. మొదలుపెట్టడానికి అనంతపురం పెద్దాసుపత్రి చాలు, బెంగళూరు దాకా పోనక్కర్లేదు. ఇంకొక మాట, అన్నిటికన్నా ముందు వినాల్సింది: ఆ రాత్రి మాత్రను ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. ఎందుకో కింద చెప్తాను.

దిగులు పడటం జబ్బు కాదు. పిల్లోడికి జ్వరమొచ్చినా, మార్చి నెలాఖరుకు ఖాతాలు తేలకపోయినా ఎవరి గుండె అయినా దడదడలాడుతుంది, పని తీరాక సర్దుకుంటుంది. ఆరు నెలలకు మించి, నెలలో ఎక్కువ రోజులు, ఒక విషయం తీరితే ఇంకో విషయం పట్టుకుని, ఆపుకుందామన్నా ఆగని దిగులు ఉంటే అప్పుడు మేం జబ్బు అంటాం. దానికి తోడు ఒక చోట కుదురుగా ఉండలేకపోవడం, ఊరికే అలసిపోవడం, మనసు నిలవకపోవడం, చిరాకు, మెడా భుజాలూ బిగుసుకుపోవడం, నిద్ర చెడటం, వీటిలో కనీసం మూడు ఉండాలి. దీన్ని జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అంటారు. ఉన్నట్టుండి ముంచుకొచ్చి, కొద్ది నిమిషాల్లోనే తారస్థాయికి పోయి, ప్రాణం పోతోందేమో అనిపించేది పానిక్ అటాక్. ఒకే మనిషికి రెండూ ఉండటం మామూలే. మీ ఉత్తరంలో రెండింటి ఛాయలూ ఉన్నాయి.

మన సీమలో "నాకు ఆందోళనగా ఉంది డాక్టర్" అంటూ వచ్చేవాళ్ళు తక్కువ. గ్యాస్ పైకి తంతోందంటారు, నరాల బలహీనత అంటారు, గుండెల మీద బండ పెట్టినట్టుందంటారు. వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు. బాధ నిజంగా ఒంట్లోనే ఉంది. భయం పుట్టగానే అడ్రినలిన్ ఎక్కువై గుండె వేగం పెరుగుతుంది, తెలియకుండానే ఊపిరి వడివడిగా తీస్తాం. అట్లా తీసేకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళ చివర్లు, పెదవుల చుట్టూ తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. ఆ తిమ్మిరి చూసి "అయ్యో, పక్షవాతమేమో" అని భయం రెట్టింపవుతుంది. ఇదంతా ఒక పది నిమిషాల్లో జరిగిపోతుంది.

గుండె పరీక్ష చేయించుకున్నారు, మంచిదే. దాంతో పాటు థైరాయిడ్ (టీఎస్‌హెచ్), హిమోగ్లోబిన్, షుగర్ ఒక్కసారి చూపించుకోండి. థైరాయిడ్ ఎక్కువ పనిచేసినా, రక్తం బాగా తగ్గినా అచ్చం ఇట్లాగే దడ వస్తుంది. ఇంకో హెచ్చరిక: నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో ఛాతీలో నొప్పి వచ్చి నిలబడితే తగ్గడం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, స్పృహ తప్పడం, వీటిని "నాది ఆందోళనేలే" అని వదిలెయ్యొద్దు. వెంటనే ఆసుపత్రికి పోండి. ఆందోళన ఉన్నవాళ్ళకు గుండె జబ్బు రాదని రూలేమీ లేదు.

ఇక అసలు సంగతి. ఏడాదిలో తగ్గాల్సినది మూడేళ్ళు ఎందుకు నడుస్తుంది?

మా గదిలో బల్ల మీదికి వచ్చే ప్లాస్టిక్ కవర్లు మీరు చూడాలి. లోపల స్కాన్లు, రక్త పరీక్షలు, నాలుగైదు ఊళ్ళ ఈసీజీలు. ఈసీజీ కాగితం కొన్నాళ్ళకు వెలిసిపోతుంది, గీతలు పోయి ఉత్త గులాబీ గళ్ళే మిగులుతాయి. అయినా పారెయ్యరు. డోన్ దిక్కు నుంచి వచ్చే ఒక రిటైర్డ్ టీచరు గారు వాటిని తారీఖుల వారీగా పిన్ను కొట్టి తెచ్చేవారు (ఇక్కడ చెప్పే మనుషుల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను). "అన్నీ నార్మలే కదా మాస్టారూ" అన్నాను. ఆయన ముందుకు వంగి, గొంతు తగ్గించి, "నార్మలే సార్, కాని ఆ రోజు మిషను సరిగ్గా పని చేసిందో లేదో" అన్నారు.

ఆ మాటలో మొత్తం జబ్బు ఉంది. రిపోర్టు చేతికొచ్చిన రోజు ప్రాణం లేచొస్తుంది. నాలుగు రోజులకు అనుమానం తిరిగొస్తుంది. ఇంకో పరీక్ష, ఇంకో డాక్టరు, రాత్రి రెండింటికి ఫోన్లో వెతుకులాట, భార్యను లేపి "నా చెయ్యి చల్లబడిందా చూడు" అనడం, మాటిమాటికీ నాడి పట్టుకుని చూసుకోవడం. ప్రతిసారీ కాసేపు ఊరట దొరుకుతుంది కాబట్టి, భయం వచ్చినప్పుడల్లా ఆ ఊరటే కావాలని మెదడు నేర్చుకుంటుంది. దడకన్నా ఈ తనిఖీలే జబ్బును ఏళ్ళ తరబడి సాగదీస్తాయి. నా దగ్గరికి వచ్చేవాళ్ళతో మాత్రల కంటే ముందు మాట్లాడేది దీని గురించే.

ప్రొద్దుటూరు దిక్కు నుంచి ఒకావిడ వచ్చేది. భర్త కువైట్‌లో డ్రైవరు. కడప జిల్లాలో ఇట్లాంటి ఇళ్ళు ఎన్నో మీకు తెలియంది కాదు. ఆమె గంటగంటకూ ఫోన్ చేసేది. ఎత్తకపోతే ఆయన రూములో ఉండే వాళ్ళకు చేసేది. వాట్సాప్‌లో మెసేజ్ చూసిన గుర్తు పడేదాకా కూర్చున్న చోటు నుంచి లేచేది కాదు, పొయ్యి మీద పాలు పొంగిపోయినా సరే. అక్కడికీ ఇక్కడికీ రెండున్నర గంటల తేడా. ఆయన రాత్రి తొమ్మిదికి డ్యూటీ దిగితే ఇక్కడ పదకొండున్నర, ఇక అప్పటిదాకా ఆమెకు నిద్ర లేదు. "నీ ఫోన్లకు నా ఉద్యోగం పోతాది" అని ఆయన కేకలేస్తే, అది ఇంకో దిగులు.

ఆమెకు సెర్ట్రలిన్ అనే ఆందోళన తగ్గించే మాత్ర మొదలుపెట్టాం. దాంతో పాటు ఒక ఒప్పందం. పొద్దున ఒక ఫోను, రాత్రి ఒక ఫోను. మధ్యలో చెయ్యాలనిపిస్తే ఒక నోటు పుస్తకంలో టైమూ, ఏమవుతుందని భయపడిందో రాసుకోవాలి, అంతే. మొదటి వారం నరకం చూసింది, దాచను. పుస్తకం నిండా యాక్సిడెంట్లు, పోలీసులు, గుండెపోట్లు. కొన్ని వారాలకు ఆ పేజీలు తిప్పి, "ఇన్ని రాసినా ఒక్కటీ జరగలే సార్, నేనే అలిసిపోయినా" అని నవ్వింది. "ఏం కాదులే, ధైర్యంగా ఉండు" అని నేను వంద సార్లు చెప్పినా ఈ పని జరిగేది కాదు. ఆ ఊరడింపు కూడా ఇంకో ఫోన్ కాలే అయ్యేది.

రాత్రి మాత్ర సంగతి. అల్ప్రాజోలం, క్లోనాజెపామ్, లోరాజెపామ్, ఎటిజోలామ్, ఇవన్నీ ఒక కోవకు చెందినవి. అరగంట, గంటలో పని చేస్తాయి, అందుకే అంత ఇష్టమవుతాయి. మంచి పద్ధతిలో వాడితే రెండు నుంచి నాలుగు వారాలు, గట్టి గాబరా ఉన్న రోజులు దాటడానికి. లెక్కలు చూసేవారు కాబట్టి మీకు సులువుగా అర్థమయ్యేట్టు చెప్పాలంటే, ఇది వడ్డీకి తెచ్చిన అప్పు లాంటిది. ఈ పూట గడుస్తుంది, వడ్డీ తర్వాత కట్టాలి. నెలల తరబడి వేసుకుంటే ఒళ్ళు దానికి అలవాటు పడుతుంది, మతిమరుపు, పగటి మత్తు వస్తాయి. మద్యంతో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది. రెండేళ్ళు వాడి ఒక్కసారిగా ఆపితే నిద్ర అసలు రాదు, గాబరా ముందుకన్నా ఎక్కువగా లేస్తుంది, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. దీన్ని డాక్టరు చేతి మీదుగా కొంచెం కొంచెంగా, వారాలు, అవసరమైతే నెలల తరబడి తగ్గించాలి. ఒక్కోసారి ముందు ఎక్కువసేపు పనిచేసే మాత్రకు మార్చి తర్వాత తగ్గిస్తాం.

అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసుకుని మూడేళ్ళు దాచాలి. మెడికల్ షాపులో చీటీ అడగకుండా ఇచ్చారంటే మీ మీద ప్రేమ అనుకోకండి.

అసలు వైద్యం చేసే మాత్రలు వేరు. ఎసిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఇట్లాంటివి మొదటి వరస. కుదరకపోతే వెన్లాఫాక్సిన్, డులాక్సెటిన్. వీటికి అలవాటు పడి డోసు పెంచుకుంటూ పోవాలనే ఆరాటం ఉండదు. కానీ వీటితో మనవాళ్ళకు ఒక పెద్ద చిక్కు ఉంది: గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఇబ్బందులు మాత్రం మొదటి రోజు నుంచే. వికారం, తలనొప్పి, విరేచనాలు, కొందరికి మొదటి వారం పది రోజులు గాబరా ఇంకాస్త ఎక్కువవుతుంది. నాలుగు మాత్రలు వేసుకుని "ఇది నాకు పడలేదు" అని పక్కన పెట్టేసి, తిరిగి ఆ చిన్న మాత్రకే పోయేవాళ్ళు బోలెడు మంది. అందుకే తక్కువ డోసుతో మొదలుపెడతాం. ఎసిటాలోప్రామ్ అయితే 5 మిల్లీగ్రాములు, తర్వాత 10. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం కొంత తగ్గుతుంది.

మగవాళ్ళు చెప్పుకోలేని ఇబ్బంది ఒకటి ఉంది. కోరిక తగ్గడం, వీర్యం ఆలస్యం కావడం. చెప్పకుండా మాత్ర మానేస్తారు, భార్యకూ చెప్పరు, మాకూ చెప్పరు. చెప్తే డోసు మార్చవచ్చు, మందు మార్చవచ్చు. సిగ్గు పడకుండా అడగండి, మేం రోజూ వినేదే.

ఎన్నాళ్ళు? పూర్తిగా కుదుటపడ్డాక కూడా కనీసం ఆరు నెలల నుంచి ఏడాది వాడి, తర్వాత మెల్లగా తగ్గిస్తాం. కొంతమందికి మళ్ళీ వస్తుంది, వాళ్ళు ఇంకొన్నేళ్ళు వాడతారు. బీపీ మాత్ర ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళను ఎవరూ నిలదీయరు కదా. బాగైన నెలకే "ఇక నాకేం లేదు" అని సొంతంగా ఆపకండి. దడ తగ్గడానికి ప్రొప్రనాలాల్ కూడా రాస్తారు. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి, వాళ్ళకు అది ప్రమాదం. ఈ పేర్లన్నీ మీరు డాక్టరుతో తెలివిగా మాట్లాడటానికి చెప్పాను, షాపుకు పోయి కొనుక్కోవడానికి కాదు.

మాటలతో చేసే వైద్యం అంటే కూర్చోబెట్టి ధైర్యం చెప్పడమనుకుంటారు. నేను పైన కువైట్ ఆవిడ సంగతి చెప్పానే, అది ఆ వైద్యంలో ఒక ముక్క. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు, మామూలుగా వారానికొకసారి చొప్పున 12 నుంచి 16 సార్లు ఉంటుంది. ఆందోళనకు ఇది మాత్రలతో సమానంగా పనిచేస్తుంది, మానేశాక కూడా గుణం నిలబడుతుంది. మన సీమలో దీన్ని పద్ధతిగా చేసేవాళ్ళు తక్కువ, అది ఒప్పుకోవాలి. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉంటుంది, అడిగి తెలుసుకోండి. రెండు రోజుల సర్టిఫికెట్ కోర్సుతో బోర్డు పెట్టినవాళ్ళూ ఉన్నారు. వీడియో కాల్‌లో చేసేవాళ్ళు దొరికితే అదీ మంచిదే, తాడిపత్రి నుంచి ప్రతి వారం బస్సెక్కే పని తప్పుతుంది.

ఈలోపు మీరు ఇంట్లో మొదలుపెట్టదగ్గవి కొన్ని చెప్తాను.

సాయంత్రం ఆరున్నర నుంచి ఏడు దాకా దిగులుకు ఒక టైము పెట్టుకోండి. పగలు దిగులు వస్తే కాగితం మీద ఒక ముక్క రాసి "ఆరున్నరకు చూద్దాం" అనుకుని పనిలో పడండి. ఆరున్నరకు ఆ కాగితం ముందేసుకుని, నేను చెయ్యగలిగిన పని ఏదైనా ఉన్న దిగుళ్ళు ఒకవైపు, లేనివి ఇంకోవైపు విడదీయండి. మొదటివాటికి రేపు చెయ్యాల్సిన పని రాయండి. రెండోవాటిని అట్లాగే వదిలి లేవండి. ఇది వింటే పిల్లల ఆటలా ఉంటుంది. మీ వృత్తిలోని వాళ్ళు, అంటే కాగితంతో పని చేసేవాళ్ళు, దీన్ని చాలా బాగా చేస్తారు.

నాడి చూసుకోవడం, వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్, బీపీ మిషను, ఫోన్లో లక్షణాలు వెతకడం, వీటిని తగ్గించండి. కరోనా కాలంలో కొన్న ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే ఎవరికైనా ఇచ్చేయండి. ఒక్కసారిగా కాకపోతే రోజుకు ఇన్నిసార్లే అని పెట్టుకుని వారం వారం తగ్గించండి.

దేనికి భయపడి ఏది మానేశారో రాసుకోండి. బస్సెక్కడమా, ఫంక్షన్లా, ఒంటరిగా పడుకోవడమా? వాటిలో అన్నిటికన్నా తేలికైన దానితో మొదలుపెట్టండి. బస్సు అయితే ముందు రెండు స్టాపుల దూరం. గాబరా వచ్చినా దిగకుండా, అది దానంతట అది దిగేదాకా కూర్చోండి. దిగుతుంది. మధ్యలో దిగిపోతే భయానికే మార్కులు పడతాయి.

ఊపిరి వ్యాయామం మంచిదే: నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి, ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు, గాబరా లేనప్పుడు చెయ్యండి. గాబరా వచ్చిన ప్రతిసారీ దాన్ని తరిమేయడానికి ఈ వ్యాయామం చేస్తే అది కూడా ఒక తనిఖీగా మారిపోతుంది. యోగా, ప్రాణాయామం విషయంలోనూ ఇదే మాట. కాగితం సంచిలో ఊపిరి పీల్చమని ఎవరైనా చెప్తే వినకండి. నడక రోజూ అరగంట, ఎండ ముదరకముందే.

టీ గురించి వేరే చెప్పాలి. నంద్యాలలో బ్యాంకు కోచింగ్ తీసుకుంటున్న ఒక అబ్బాయి గుండె దడ, నిద్ర లేదు అని వచ్చాడు. రోజుకు ఎన్ని టీలు అంటే లెక్క చెప్పలేకపోయాడు, రూములో అందరూ లేచినప్పుడల్లా ఒకటి. టీ రెండుకు దించి, మధ్యాహ్నం తర్వాత మానేస్తే సగం బాధ మాత్ర లేకుండానే తగ్గింది. మిగతా సగం పరీక్ష భయం, దానికి వేరే పని పట్టింది. మీ ఫ్యాక్టరీలో కూడా టీ అంతూ పొంతూ లేకుండా వస్తుందని నా అనుమానం. ఇక రాత్రి ఒక క్వార్టర్ వేస్తే నిమ్మళంగా ఉంటుందనేవాళ్ళకు: ఆ రాత్రికి నిమ్మళమే, తెల్లవారుజామున మూడింటికి దడతో లేపేదీ అదే.

ఎక్కడికి పోవాలి. మీకు దగ్గర అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. కర్నూలు, కడప పెద్దాసుపత్రుల్లోనూ సైకియాట్రీ విభాగాలున్నాయి, మూడూ మెడికల్ కాలేజీలకు అనుబంధమైనవే. పొద్దున్నే పోయి ఓపీ చీటీ రాయించుకుని సైకియాట్రీ అని చెప్పండి. మామూలుగా వాడే మాత్రలు ఉచితంగానే ఇస్తారు. జనం ఎక్కువ, మీతో మాట్లాడే టైము తక్కువ, కాబట్టి ఒక కాగితం రాసుకుని పోండి: ఎప్పుడు మొదలైంది, ఇప్పటిదాకా వేసుకున్న మాత్రలు, వాటి డోసులు, నిద్ర, తాగుడు, ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లాంటిది ఉందా. వాడుతున్న మాత్ర రేకు జేబులో పెట్టుకోండి. కవరు నిండా రిపోర్టులు అక్కర్లేదు, చివరి ఈసీజీ, ఎకో, థైరాయిడ్ చాలు. ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోయినా ఇదే కాగితం పనికొస్తుంది. ఒకరి దగ్గర మొదలుపెట్టాక కనీసం రెండు నెలలు వాళ్ళ దగ్గరే ఉండండి. నెలకో డాక్టరును మారిస్తే ఏ మందుకూ పని చేసే గడువు దొరకదు.

పోయే ముందు జీఏడీ-7 అనే, ఆందోళన ఎంతుందో కొలిచే ఏడు ప్రశ్నల పట్టిక నింపుకోవచ్చు. గడిచిన రెండు వారాల గురించి అడుగుతుంది, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 21. పది గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరుకు చూపించాల్సిందే. నెలకొకసారి నింపితే చాలు, రోజూ నింపితే మళ్ళీ పాత కథే.

బెంగళూరు నిమ్హాన్స్ గొప్ప మానసిక వైద్య సంస్థ, అందులో రెండో మాట లేదు. అనంతపురం నుంచి 44వ నంబరు హైవే మీద రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఇక్కడ రెండు మూడు మందులు సరైన డోసులో, సరిపడా వారాలు వాడినా గుణం లేనప్పుడు, జబ్బేమిటో తేలనప్పుడు, ఇక్కడ దొరకని థెరపీ కావాల్సినప్పుడు పోండి. మొదటి విజిట్‌కే అక్కడికి పోయినవాళ్ళు చాలామంది రెండో విజిట్‌కు పోలేక మందు ఆపేస్తారు. ఆందోళన వైద్యంలో రెండో విజిట్, మూడో విజిటే ముఖ్యం.

అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416, టెలీ మానస్ అనే మానసిక సాయం ఫోను లైను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. మీరు "చచ్చిపోతానేమో" అన్న భయం గురించి రాశారు. అది వేరు, చచ్చిపోవాలనిపించడం వేరు. రెండోది ఎప్పుడైనా మనసులోకి వస్తే ఓపీ టైము కోసం ఆగకండి, ఇంట్లో ఒకరికి చెప్పి వాళ్ళను వెంటబెట్టుకుని క్యాజువాలిటీకి పోండి. ఏ గంటకైనా చూస్తారు.

ఈ పేజీ చదివే రైతులకు కూడా ఒక మాట. వేరుశనగ పోయి, బోరు ఎండి, అప్పు నెత్తి మీద ఉన్న మనిషి దిగులును నేను జబ్బని కొట్టిపారెయ్యను. అప్పు తీర్చే మాత్ర నా దగ్గర లేదు. కానీ వారాల తరబడి నిద్ర లేని మనిషి బ్యాంకుతో మాట్లాడలేడు, భార్యతో మాట్లాడలేడు, ఏ పంట వెయ్యాలో తేల్చుకోలేడు. అందుకే దిగులుకు కారణం ఎంత నిజమైనదైనా నిద్ర, దడ, గాబరాలకు వైద్యం చేస్తాం.

మీ ఇంటావిడ కడప పెద్ద దర్గాకు తీసుకుపోతానంటోంది, మీ అమ్మ మంత్రాలయం అంటోందని రాశారు. పోండి, రెండింటికీ పోండి. మనసుకు నిమ్మళంగా ఉంటే మంచిదే, తాయెత్తు కట్టినా మాత్రకు అడ్డం రాదు. మాత్ర ఆపమని, ఉపవాసాలతో ఒళ్ళు గుల్ల చేసుకోమని చెప్పేవాళ్ళ దగ్గర మాత్రం ఆగకండి. మీ ఇంటావిడకు ఒక పని చెప్పండి. మీరు "నాకేం కాదు కదా" అని అడిగినప్పుడల్లా ఆమె "కాదు" అంటోంది, ప్రేమతోనే. ఇకమీద "ఇది ఆరున్నర కాగితంలో రాయి" అనమనండి. ఇద్దరూ మాట్లాడుకుని ఒప్పుకున్నాకే ఇది మొదలుపెట్టాలి, లేకపోతే కోపంతో అన్నట్టు ఉంటుంది. వీలైతే మొదటి విజిట్‌కు ఆమెను తీసుకుపోండి. మీరు చెప్పడం మరిచిన సగం సంగతులు ఆమె చెప్తుంది.

చెల్లెలి సంబంధం విషయం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మీ జబ్బు, మీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు మీకుంది. చట్టంలో ఉన్న కొన్ని సందర్భాల్లో తప్ప డాక్టరు వాటిని బయటపెట్టకూడదు. అదే చట్టం మిగతా జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ ఆరోగ్య బీమా ఇవ్వాలని చెప్తుంది, మీ పాలసీ కాగితం ఒకసారి చదవండి. ఓపీ ఖర్చులు చాలా పాలసీల్లో రావు, అది వేరే సంగతి. ఊళ్ళో ఎవరైనా చూస్తారని భయమైతే, పెద్దాసుపత్రి ఓపీలో మీ పక్కన నిలబడ్డవాళ్ళు కూడా అదే భయంతో తల దించుకుని ఉంటారు, మిమ్మల్ని గుర్తుపట్టే తీరికలో ఉండరు. మీ ఆందోళన వల్ల చెల్లెలి పెళ్ళికి వచ్చే నష్టం నాకు కనపడలేదు. అడిగినవాళ్ళకు "నిద్ర పట్టట్లేదు, చూపించుకుంటున్నాను" అంటే సరిపోతుంది, అది అబద్ధం కూడా కాదు.

మొదట ఈ వారంలోనే ఒక రోజు సెలవు పెట్టి ఓపీకి పోండి. అల్ప్రాజోలం రెండేళ్ళుగా వాడుతున్న సంగతి మొదటి వాక్యంలోనే చెప్పండి. చాలామంది అది చివర్లో, లేచి తలుపు దాకా పోయాక చెప్తారు.